జీఐడీ ఒకటే, రకం వేరు: ఆర్‌డీఎంఏ కనెక్షన్‌తో నా అనుభవం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ల్యాబ్. రెండు సర్వర్ల మధ్య రోసీ (ఈథర్నెట్ మీద ఆర్‌డీఎంఏ నడిపే ప్రోటోకాల్) వెర్షన్ 2 మీద ఆర్‌డీఎంఏ, అంటే ఒక మెషీన్ మెమరీ నుంచి రెండోదాని మెమరీకి నేరుగా డేటా పంపే పద్ధతి, నడపాలి. పింగ్ బాగానే వెళ్తోంది. మొదట మామూలు టీసీపీ సాకెట్ మీద రెండు వైపులూ తమ వివరాలు ఇచ్చిపుచ్చుకుంటాయి: 24 బిట్ల క్యూపీ (క్యూ పెయిర్, అంటే కనెక్షన్‌లో ఒక వైపు కొస) నంబరు, 24 బిట్ల మొదటి ప్యాకెట్ సీక్వెన్స్ నంబరు, 128 బిట్ల జీఐడీ (నెట్‌వర్క్‌లో ఆ వైపు చిరునామా). ఆ తర్వాత క్యూపీ ఆర్‌టీఆర్ (అందుకోవడానికి సిద్ధం), ఆర్‌టీఎస్ (పంపడానికి సిద్ధం) స్థితులకు చేరింది. హమ్మయ్య అనుకున్నాను. మొదటి సెండ్‌కే స్టేటస్ 12, అంటే మళ్లీ మళ్లీ పంపినా జవాబు రాక రీట్రైలు అయిపోయాయి.

రెండు రోజులు క్యూపీ నంబర్లనే అనుమానించాను. పక్క సీటు కర్నూలు అన్న వచ్చి, "జీఐడీ విలువ సరే తమ్ముడూ, దాని రకం చూశావా?" అన్నాడు.

అక్కడే ఉంది అసలు సంగతి. ఒకే ఐపీకి జీఐడీ టేబుల్‌లో రెండు వరుసలున్నాయి. ఇండెక్స్ 2 రకం రోసీ వెర్షన్ 1, ఇండెక్స్ 3 రకం రోసీ వెర్షన్ 2. రెండింట్లోనూ చివర అదే ఐపీ, అక్షరం తేడా లేదు. ఒక మెషీన్ సెట్టింగ్‌లో 3, రెండోదాంట్లో 2 రాసి ఉంది. వెర్షన్ 2 ప్యాకెట్ యూడీపీ పోర్ట్ 4791 మీద వస్తుంది, వెర్షన్ 1 నేరుగా ఈథర్నెట్ మీద. ఇక ఒకరి మాట ఒకరికి ఎలా అందుతుంది?

ఇండెక్స్ నంబరు చేత్తో రాయడం మానేశాను. ప్రోగ్రామే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (లైనక్స్ తన డివైజ్‌ల వివరాలు ఫైళ్లలా చూపే చోటు) జీఐడీ రకం చదివి, మా ఐపీకి వెర్షన్ 2 వరుసను వెతుక్కుంటుంది. సాకెట్ మీద జీఐడీతోపాటు రకం కూడా పంపుతున్నాను. పొసగకపోతే అక్కడే ఆపేస్తుంది. ఆ సాయంత్రమే డేటా పారింది.