అడవిలో కనపడ్డ ప్రతి గుర్రం అడవి గుర్రమేనా? తేల్చుకోవడం ఎలా

మొన్న మా అక్కకొడుకు మావయ్యా వైల్డ్ హార్సెస్ చూడు అని అమెరికాలో మందలుగా తిరిగే మస్టాంగు గుర్రాల రీల్ ఒకటి చూపించాడు, అవి అడవి గుర్రాలు కాదురా అంటే ఒక పట్టాన నమ్మడే, అందుకే వాడికి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

ముందు అది ఎక్కడ తిరుగుతుందో వదిలేయండి, దాని తాతముత్తాతలు ఎక్కడివో చూడండి. మన గుంటూరు మిర్చి గోడౌన్లలో పుట్టిన పిల్లి మనిషి అలికిడైతే చాలు పారిపోద్ది, అంతమాత్రాన బావురుపిల్లి అయిపోద్దా? మస్టాంగులూ అంతే, స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చుకున్న పెంపుడు గుర్రాలు తప్పించుకుపోయి పెట్టిన సంతానం. ఆస్ట్రేలియాలో బ్రంబీలని పిలిచే గుర్రాలదీ ఇలా తప్పించుకుపోయిన కథే. అసలు గుర్రాల వంశం మొదలైందే ఉత్తర అమెరికాలో, అక్కడ సుమారు 10,000 ఏళ్ళ కిందట అంతరించిపోయి మళ్ళీ ఓడెక్కి పుట్టింటికొచ్చాయి, నాకైతే ఇది ఎన్నిసార్లు తల్చుకున్నా ఆశ్చర్యమే.

తర్వాత ఫొటో జూమ్ చేసి జూలు చూడండి. మన పెళ్లి ఊరేగింపు గుర్రానికి జూలు మెడకి ఒక పక్కకి వాలి, కొంత నుదుటి మీద పడుద్ది. అడవి గుర్రంగా పేరున్న మంగోలియా ప్రెవాల్‌స్కీ గుర్రానికి పొట్టిగా బ్రష్షులా నిక్కబొడుచుకుని ఉంటది, నుదుటి మీద కుచ్చు ఉండదు, ఒళ్ళు ఇసుక రంగు, మూతి తెల్లన, వీపు మీద నల్ల చార. చార ఒక్కటే చూసి తేల్చేయకండి, కొన్ని పెంపుడు గుర్రాలకీ ఉంటది.

ఇంకా అనుమానముంటే క్రోమోజోములే, అంటే కణాల్లో జన్యువుల్ని మోసే పోగులు, లెక్కపెట్టాలి. పెంపుడు దానికి 64, ప్రెవాల్‌స్కీకి 66. రెండూ కలిస్తే 65తో పిల్ల పుడుద్ది, దానికి మళ్ళీ పిల్లలూ పుడతాయి, కంచరగాడిదలా గొడ్డుపోదు, అంటే అంత దగ్గరి చుట్టాలన్నమాట. కానీ ఇప్పటి పెంపుడు గుర్రాలు దీని నుంచి రాలేదు, 2021లో పాత ఎముకల డీఎన్ఏ చూస్తే రష్యాలోని వోల్గా, డాన్ నదుల మైదానాల్లో దాదాపు 4,200 ఏళ్ళ కిందటి గుర్రాల దగ్గర వాటి మూలం దొరికింది.

ఇక్కడే ఒక చిక్కుంది. ప్రెవాల్‌స్కీ గుర్రాలు కూడా కజకిస్తాన్‌లో బోటాయ్ జనం 5,500 ఏళ్ళ కిందట పెంచిన గుర్రాల వారసులేనని 2018లో ఒక డీఎన్ఏ పరిశోధన చెప్పింది, బోటాయ్ వాళ్ళు వాటిని మచ్చిక చేశారా, ఊరికే వేటాడారా అని ఇప్పటికీ వాదన నడుస్తానే ఉంది. కాబట్టి మావాడికి నిజమైన అడవి గుర్రం ఇదొక్కటే అని ఒట్టేసి చెప్పలేదు, మిగిలినవాటిలో అడవి గుర్రం అనదగ్గది ఇదే అన్నా. 1960ల చివరికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు, జూల్లో ఉన్న కొద్దిపాటి గుర్రాల పిల్లల్నే 1992 నుంచి మళ్ళీ మంగోలియాలో వదిలారు. ఇప్పుడు మావాడు ఆ వీడియోలు వెతుకుతున్నాడు.