మైకు లేని పెళ్ళి – 3వ పాఠం: సన్నాయి ఎక్కడ, వయొలిన్ ఎక్కడ

ముహూర్తం, స్థలం ఖాయం చేసుకోమని రెండో పాఠంలో చెప్పాను. అవి తేలకుండా మేళం మాట్లాడుకోవడానికి వెళ్ళకండి. కరెంటు లేని పెళ్ళిలో ఏ వాయిద్యం పెట్టాలో మన ఇష్టం కన్నా ముందు దూరం, గాలి తేలుస్తాయి. మైకు ఉంటే వీణ కూడా వెయ్యిమందికి వినిపిస్తుంది. మైకు తీసేస్తే ఆరుబయట నాలుగో వరుస దాటడం కష్టం.

ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కల్యాణమండపంలో అయితే గోడలు, పైకప్పు కొంత తిప్పి పంపుతాయి. విశాఖ ఋషికొండ బీచ్ ఇసుకలో ఆ సాయం ఉండదు, పైగా కెరటాల హోరు. అక్కడ నిలబడేవి సన్నాయి, డోలు. ఊరేగింపులో, గుడి ప్రాకారంలో మోగడానికి తయారైన జోడీ అది. క్లారినెట్, శాక్సఫోన్ కూడా పరవాలేదు. కీబోర్డు, ప్యాడ్స్ ఉన్న బ్యాండును మాత్రం మొదటి ఫోన్‌లోనే వదిలేయండి. ఒప్పుకున్నాక జనరేటర్ తెస్తామంటారు.

సన్నాయితో చిక్కు ఏమిటంటే, దాని సౌండు తగ్గించడానికి బటన్ లేదు. పురోహితుడికీ మైకు ఉండదు కాబట్టి పక్కనే సన్నాయి మోగితే మంత్రం పెళ్ళికొడుక్కి కూడా వినపడదు. మేళాన్ని మండపానికి ముప్ఫై, నలభై అడుగుల దూరంలో, ఒక పక్కగా కూర్చోబెట్టండి. అయితే మండపం మాత్రం వాళ్ళ కంటికి ఆనాలి. జీలకర్ర బెల్లం వేళ పంతులుగారు చెయ్యెత్తి వేళ్ళు ఆడిస్తారు, అదే గట్టిమేళానికి సైగ. మధ్యలో వీడియో వాళ్ళ ట్రైపాడ్, దాని వెనక నలుగురు మేనమామలు నిలబడితే డోలు విద్వాంసుడికి ఆ చెయ్యి కనపడదు. ముహూర్తం దాటాక డోలు మోగి ఏం లాభం? ఆ దారికి అడ్డం రాకుండా చూడమని ఇంట్లో ఒక కుర్రాణ్ణి పురమాయించండి.

మండపం దగ్గర మెల్లగా ఏదైనా వినిపించాలంటే వయొలిన్, మృదంగం చాలు. మనకు వయొలిన్ కొరత లేదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పనిచేసిన మహారాజా సంగీత కళాశాల పక్కనే విజయనగరంలో ఉంది, 1919లో మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా తెలుసేమో వాకబు చేయండి. మృదంగానికి సముద్రపు తేమ పడదు, చర్మం సడలి శ్రుతి దిగుతుంది. రాయితో తట్టి సరిచేసుకోవడానికి మధ్యమధ్యలో వ్యవధి ఇవ్వాలి. వేణువు గదిలో ఎంత బాగున్నా బీచ్‌లో వద్దనే అంటాను. పెదవి దగ్గర ఊపిరిని పక్కగాలి చెదరగొడుతుంది, స్వరం పలకదు.

విశాఖలో ఎండ కాసే రోజున మధ్యాహ్నానికి గాలి సముద్రం మీంచి ఊరివైపు తిరుగుతుంది. సాయంత్రం పెళ్ళయితే వాయించేవాళ్ళు సముద్రం వైపు, అతిథులు ఊరి వైపు ఉండాలి. గాలివాటున శబ్దం చాలా దూరం పోతుంది, ఎదురుగాలికి పైకి వంగి తలల మీంచి వెళ్ళిపోతుంది. ఫొటోల్లో సముద్రం పడాలని స్టేజీ ఎలాగూ అటే వేస్తారు, మేళాన్ని మాత్రం తీసుకెళ్ళి గేటు దగ్గర పడేస్తారు. గేటు మర్యాదకు రెండు పాటలు చాలు, తర్వాత లోపలికి పిలవండి.

మన ముహూర్తాలు అర్ధరాత్రి పెడతారు కదా, ఇదొకటి గుర్తుంచుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకే కాదు, సంగీత వాయిద్యాలకూ శబ్ద కాలుష్య నిబంధనలు అడ్డు చెబుతాయి. మైకు లేదు కదా అని డోలుకు మినహాయింపు లేదు. రాత్రి రెండింటికి ముహూర్తమైతే తలుపులు మూసిన హాలు చూసుకోవడం మేలు. హాల్లో వయొలిన్ కూడా బాగా నిండుతుంది.

మేళంవాళ్ళను అడగాల్సినవి: సన్నాయిలు ఎన్ని? ఒక్కరే అయితే గంటల తరబడి ఊదలేరు, ఇద్దరుంటే మార్చుకుంటారు. శ్రుతి దేనితో? చాలామంది ఇప్పుడు ఎలక్ట్రానిక్ పెట్టె తెస్తున్నారు. మీకు ఊదే ఒత్తు (శ్రుతి కోసం ఒకే స్వరం పట్టే సన్నాయిలాంటి వాయిద్యం) గానీ చేత్తో నొక్కే శ్రుతిపెట్టె గానీ కావాలని ముందే చెప్పండి. తలంబ్రాలకు, అప్పగింతలకు మాత్రం ఎవరినీ మాట్లాడకండి. పాటలొచ్చిన అమ్మమ్మలు, పెద్దమ్మలు ఉంటే వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి మేళాన్ని ఆపేయండి.

ఈ వారం అభ్యాసం: పెళ్ళి జరిగే వేళకే స్థలానికి వెళ్ళండి, తోడుగా పాడగలిగినవాళ్ళు ఒకరుండాలి. వాళ్ళు మండపం చోట నిలబడి ఒక చరణం పాడుతుంటే మీరు వెనక్కి నడవండి. మాటలు తెలియని చోట చెప్పులు వదిలి గుర్తు పెట్టండి. తర్వాత వాళ్ళను అటు తిప్పి, ఇటు తిప్పి మళ్ళీ పాడించండి. వాళ్ళ వెనక గోడ గానీ పడవ గానీ ఉన్నప్పుడు గుర్తు ఎంత జరిగిందో రాసుకోండి. ఆ గుర్తు లోపల ఎన్ని కుర్చీలు పడతాయో లెక్కేసి, అప్పుడు వయొలిన్‌వాళ్ళకు ఫోన్ చేయండి.