ఆస్పత్రి బయట సోకే న్యుమోనియా – 3వ పాఠం: నిండు నిమిషం

కిందటి పాఠం చివర ఇచ్చిన రోగిని మీలో చాలామంది ఇంటికి పంపేశారు. 72 ఏళ్ల రైతు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు, పొంతన లేకుండా మాట్లాడుతున్నారు, రాత్రి మంచం దిగుతూ పడిపోయారు. దగ్గు కొద్దిగా ఉంది, జ్వరం లేదు. జ్వరం లేదు కనుక న్యుమోనియా కాదని రాశారు. వయసు మళ్లినవారికి జ్వరం రాకపోవచ్చు. మతి తప్పడం, పడిపోవడమే తొలి గుర్తులు కావచ్చు. శ్వాస నిమిషానికి 32 అని ప్రశ్నలోనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు! అందుకే ఈసారి చెప్పాల్సిన ఎక్స్-రే పాఠాన్ని వాయిదా వేసి, శ్వాస లెక్కించడం చెబుతున్నాను.

స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో మీకు తెలుసు, ఆ సంగతి వదిలేద్దాం. శ్వాస లెక్కే మీకు పట్టుబడలేదు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి. 7 లెక్కిస్తే 28, 8 లెక్కిస్తే 32. న్యుమోనియా తీవ్రతకు మార్కులు వేసే కర్బ్-65 పద్ధతిలో శ్వాసకు గీత 30 దగ్గర ఉంది, ఒక్క ఊపిరి తప్పితే రోగి గీతకు ఇవతలే ఉండిపోతాడు. అసలు చూడకుండానే కేస్ షీట్‌లో 20 అని రాయడం ఇంకా పెద్ద తప్పు. నిండు నిమిషం చూడండి. లెక్కపెడుతున్నానని చెప్పకండి, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. నేను నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉంటాను, చూపు మాత్రం పొట్ట మీద ఉంటుంది. దుప్పటి తీయనివ్వకపోతే దాని మీది ఒక ముడతను ఎంచుకుని, అది లేచి పడటం లెక్కిస్తాను. పిల్లలు ఏడుస్తుంటే ఆగండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకు చేరితే శ్వాస వేగంగా ఉన్నట్టే.

కర్బ్-65 జబ్బు ఉందో లేదో చెప్పదు, ఉంటే ఎంత తీవ్రమో చెబుతుంది. మన రైతుకు వయసుకు ఒక మార్కు, మతి తప్పినందుకు ఒకటి, శ్వాసకు ఒకటి. రక్తపోటు, రక్తంలో యూరియా చూడకముందే 3. వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి.

మరో మాట. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించకుండా లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాయకండి. క్షయ ఉంటే తాత్కాలికంగా అణగి, బయటపడటం ఆలస్యమవుతుంది.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా 20 మందికి, ఒక్కొక్కరికి వెంటవెంటనే రెండుసార్లు, నిండు నిమిషం లెక్కించండి. రెండు అంకెలూ రాయండి. తేడా 2 దాటితే మూడోసారి చూడండి. వారిలో కనీసం ఐదుగురు నిద్రపోతున్న పసిపిల్లలై ఉండాలి.