పగడాల దిబ్బని చెవితో చూద్దాం – 3వ పాఠం: తాలింపు తీసేసి చేపని వినడం

మొన్నటి పాఠంలో ఇచ్చిన, పగడాల దిబ్బ దగ్గర నీళ్లలో తీసిన రికార్డింగ్ విన్నవాళ్లంతా ఒకటే అనుకుని ఉంటారు, ఏముంది ఇందులో, నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నాయి అని. నేనైతే ఫస్ట్ టైమ్ ఫైల్ పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేశా. ఆ చిటపట స్నాపింగ్ రొయ్యలది, డెక్క టక్కున మూస్తే నీళ్లలో బుడగ పుట్టి వెంటనే పగులుతుంది, చప్పుడు ఆ పగలడానిదే.

ఇవాళ్టి పని ఈ తాలింపుని పక్కకి తీయడం. ఆడాసిటీలో (శబ్దాల్ని ఎడిట్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్) ఫైల్ తెరిచి, ట్రాక్ పేరు మీద నొక్కి స్పెక్ట్రోగ్రామ్ పెట్టండి, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపించేది, కీచు శబ్దాలు పైన, బొంగురువి కింద కనపడతాయి. నిలువుగా సన్నగా కనపడే గీతలు రొయ్యలవి, 2000 హెర్ట్జ్ పైన బాగా దట్టంగా ఉంటాయి, చేపలేమో ఎక్కువగా 1000 లోపే మాట్లాడతాయి. అందుకే ఎఫెక్ట్స్‌లో లో-పాస్ ఫిల్టర్ తీసుకుని 1000 కొట్టండి, దానికి పైనున్న శబ్దాల్ని అది తగ్గించేస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో ఆ కింది శబ్దాలు సరిగ్గా రానే రావు.

ఇప్పుడు వినండి. గుర్రుమన్నట్టు ఒకటి, ఎవరో తలుపు కొట్టినట్టు టక్ టక్ ఒకటి, మధ్యలో కప్పలాంటి బెకబెక. అడ్డంగా, సాగదీసినట్టు గీతలు వరసగా కనిపిస్తే మాత్రం ఆశపడకండి, అది పడవ ఇంజన్. ఒక సాయంత్రమంతా దాన్ని కొత్త చేప అనుకుని నోట్స్ రాసుకున్నా నేను.

ఇదంతా ఎందుకంటే, దిబ్బ బాగుందో లేదో దాని చప్పుడే చెప్పగలదు. ఇండోనేషియా సులవేసిలో బాంబులేసి చేపలు పట్టి దిబ్బల్ని గులకరాళ్లు చేసేశారు, తర్వాత అక్కడ ఇనప ఫ్రేములకి బతికున్న పగడపు ముక్కలు కట్టి మళ్లీ పెంచుతున్నారు, పెరిగినచోట రికార్డ్ చేస్తే చప్పుడు మంచి దిబ్బల చప్పుడుకి దగ్గరగా వచ్చింది. అక్కడి రికార్డింగులతో ట్రైనింగ్ ఇచ్చిన కంప్యూటర్ ప్రోగ్రామ్ 2022లో ఏది మంచి దిబ్బో ఏది పాడైందో 92 శాతం కరెక్ట్‌గా చెప్పింది.

చప్పుడుతో పిలవొచ్చు కూడా. ఆస్ట్రేలియా లిజార్డ్ ఐలాండ్ దగ్గర చచ్చిన పగడాల మధ్య 40 రోజులు స్పీకర్లలో మంచి దిబ్బ చప్పుడు మోగిస్తే చేపలు రెట్టింపు వచ్చాయి. చెవుల్లేని పగడపు పిల్లలు (అతుక్కోడానికి చోటు వెతుక్కుంటూ నీళ్లలో ఈదే లార్వాలు) కూడా కరేబియన్ సముద్రంలోని వర్జిన్ ఐలాండ్స్‌లో మంచి దిబ్బ చప్పుడు వినిపించిన చోట సగటున 1.7 రెట్లు ఎక్కువగా అతుక్కున్నాయని 2024లో తేలింది. కాకపోతే నా లెక్కలో, వచ్చినవాటికి నీడా తిండీ లేకుండా స్పీకర్ ఒక్కటే పెడితే అది పెళ్లి లేని ఇంట్లో మైకు కట్టినట్టే.

హోంవర్క్: ఏదైనా ఒక నిమిషం ఎంచుకోండి, ఫిల్టర్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, ఎన్ని చేపలు వినపడ్డాయో కాగితం మీద గీతలు పెట్టండి. ఆ కాగితం పారేయకండి, 4వ పాఠంలో అదే చోటి రాత్రి రికార్డింగ్‌తో పోలుస్తాం.