అవ్వను అడుగుదాం: సోషల్ టీచర్ల స్వయం శిక్షణ, 4వ పాఠం

పోయిన పాఠంలో పంచాయతీల ప్రణాళికలు కనిపించే ప్రభుత్వ పోర్టల్ ఈగ్రామ్‌స్వరాజ్ తెరిచి, మీ పంచాయతీ ప్రణాళికలోంచి ఒక్క పని ఎంచుకుని, అది ఊళ్లో నిజంగా ఉందో లేదో పిల్లల్ని తీసుకెళ్లి చూపించమన్నాను. చేసే ఉంటారు. చేయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది చేయండి. కాగితాన్ని ఊరితో సరిచూడటం అలవాటైతేనే ఈసారి పని తేలికవుతుంది. ఎందుకంటే ఈసారి వరస తిరగబడుతుంది. ముందు మనిషి, తర్వాత కాగితం.

నేర్చుకోబోయేది ఇదీ: ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని పిల్లల చేత సేకరించి, దాన్ని పౌరశాస్త్రం పీరియడ్లో పాఠంగా నడపడం. రెండు పీరియడ్లు, మధ్యలో ఒక ఆదివారం చాలు. ఖర్చు సున్నా. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పని కింద కూడా లెక్కకొస్తుంది.

ఉదాహరణకు సారా వ్యతిరేక ఉద్యమాన్నే తీసుకుంటున్నాను. మన నెల్లూరు జిల్లాలో సోషల్ చెప్పేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు. జాతీయ స్థాయి పన్నెండో తరగతి రాజనీతి శాస్త్రంలో ప్రజా ఉద్యమాల పాఠం ఒకటి ఉండేది. చెట్లను కాపాడిన చిప్కో ఉద్యమం పక్కనే మన దూబగుంట కూడా అందులో ఉండేది. తర్వాత సిలబస్ తగ్గించినప్పుడు ఆ పాఠాన్నే తీసేశారు. పుస్తకంలోంచి పోయినా ఊళ్లోంచి పోలేదు. 1992లో పాతికేళ్లున్న ఆడమనిషికి ఇప్పుడు అరవై దగ్గర. మీ క్లాసులో కూర్చున్న పిల్లకు ఆమె అమ్మమ్మో నాయనమ్మో అయి ఉంటుంది. ఇంకో పదేళ్లు ఆగితే అడగటానికి ఎంతమంది మిగులుతారో మీరే లెక్కేసుకోండి.

టీచరుకు ముందుగా తెలిసి ఉండాల్సింది కొంచెమే. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులు నడిచాయి. కూలి పనులకు పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడి తాగుడుతో చితికిపోయిన ఇంటి కథ అది. చదివినవాళ్లు అది తమ కథే అనుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలా బయటికొచ్చిందే. ఆ కబురు కూడా పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. 1992లో సారా అమ్మే హక్కుల వేలంపాటలకు ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది, అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. (1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టిందీ అక్టోబరు 1నే. పిల్లలకు తేదీ గుర్తుండటానికి పనికొస్తుంది, అంతకు మించి సంబంధం లేదు.) 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మళ్లీ గెలిచి సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఈ తేదీలు మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లలకు ముందే చెప్పొద్దు. ఎందుకో కిందకు వస్తే తెలుస్తుంది.

ప్రశ్నలు తయారు చేయడం

మొదటిసారి నేను చేసిన నిర్వాకం చెబుతాను. ఇరవై రెండు ప్రశ్నలు టైపు చేయించి, జిరాక్సులు తీయించి, తొమ్మిదో తరగతి వాళ్లకు పంచాను. 'సారా నిషేధ ఉద్యమం గురించి మీకు తెలుసా? అందులో మీరు పాల్గొన్నారా? దానివల్ల సమాజానికి కలిగిన ప్రయోజనాలేవి?' ఇదీ వరస. సోమవారం కాగితాలు వచ్చాయి. 'అవును. లేదు. మంచి జరిగింది.' ముప్పై ఎనిమిది కాగితాల్లోనూ అదే. మూడో ప్రశ్నకైతే సగం మంది ఒకే వాక్యం రాశారు. ఎవరో ఒకడు గైడు చూసి రాసి మిగతావాళ్లకు ఇచ్చాడు.

తప్పు పిల్లలది కాదు, నాది. పరీక్ష పేపర్లో అడిగే ప్రశ్న అవ్వను అడిగితే అవ్వ పరీక్షలాగే జవాబు చెబుతుంది. బిగుసుకుపోతుంది.

రెండోసారి మూడే ప్రశ్నలు పంపాను. అప్పుడు ఊళ్లో సారా కొట్టు ఎక్కడుండేది? అది మూతపడ్డ రోజు ఏం జరిగింది? ఆ రోజు మీరెక్కడున్నారు?

మొదటి ప్రశ్నలోనే కీలకం ఉంది. చోటు అడిగితే మనుషులు కదులుతారు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి తీసుకొచ్చిన కాగితంలో ఇలా ఉంది: 'ఏందబ్బయా ఇప్పుడు అడగతా ఉండారు? అదో, ఆ వేపచెట్టు కాడే. ఇప్పుడు సెల్లు రీచార్జి కొట్టు ఉండాదే, ఆడ. పొట్లాలు బస్తాల్లో వచ్చేయి. మేం పోయి బస్తా ఈడ్చి రోడ్డు మీద పోసినాం. మీ తాత ఇంట్లో నించి బయటికి రాలే ఆ పొద్దు.' ఆ పిల్లకు సారా కొట్టూ తెలియదు, ప్యాకెట్లలో సారా అమ్మేవాళ్లనీ తెలియదు. వేపచెట్టు తెలుసు. రీచార్జి కొట్టు తెలుసు. రోజూ దాని ముందు నుంచే బడికొస్తుంది.

'అబ్బయా' ఏమిటి, అడిగింది ఆడపిల్ల కదా అంటారేమో. పక్కన వాళ్లన్నయ్య ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తున్నాడట. అవ్వ అతన్ని చూస్తూ చెప్పింది. ఇలాంటివి కూడా పిల్లలు రాసుకోవాలి: ఎవరు అడిగారు, పక్కన ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు. తాత పక్కనుంటే ఆ చివరి వాక్యం వచ్చేదా? ఈ ప్రశ్న క్లాసులో అడిగి చూడండి. ఆధారాన్ని తూకం వేయడమంటే ఏమిటో పెద్ద ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

రాసేటప్పుడు ఒకే షరతు: దిద్దొద్దు. 'ఉండాది'ని 'ఉంది' చేయొద్దు, 'పోసినాం'ను 'పోశాము' చేయొద్దు. తెలుగు టీచర్ చూసి కోప్పడితే నా పేరు చెప్పండి.

ఇది మాత్రం మర్చిపోవద్దు

'మీ ఇంట్లో ఎవరైనా తాగేవారా' అన్న ప్రశ్న ఏ రూపంలోనూ వద్దు. ఊరి గురించే అడిగించండి, ఇంటి గురించి అవ్వ తనంతట తాను చెబితే అది వేరు. చెప్పినా క్లాసులో చదివించాలా వద్దా అన్నది ఆ పిల్లదీ ఆ ఇంటిదీ నిర్ణయం. ఇప్పటికీ సాయంత్రమైతే తాగి వచ్చే నాన్నలున్న పిల్లలు మన ప్రతి క్లాసులోనూ ఉన్నారు. వాళ్లకు ఇది చరిత్ర పాఠం కాదు. నా క్లాసులో ఒక పిల్లాడు వరసగా రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, "సార్, నేను పోస్టాఫీసు గురించి రాయొచ్చా" అన్నాడు. రాయమన్నాను. బాగా రాశాడు కూడా. అందుకే మొదటి నుంచీ ఇంకో అంశం సిద్ధంగా పెట్టుకోండి.

రికార్డు చేసేముందు అడగాలి. కాగితం మీద పేర్లు మార్చాలి. ఆడియో వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఈ మూడూ బోర్డు మీద రాసి, పిల్లలు నోట్సులో రాసుకున్నాకే పంపండి.

రెండో పీరియడ్: మాటకూ కాగితానికీ పొంతన

అసలు పాఠం ఇక్కడుంది.

కాగితాలన్నీ వచ్చాక గుంపులుగా కూర్చోబెట్టి ఒకటే వెతకమనండి: సారా ఎవరు ఆపారు? మా క్లాసులో ఎక్కువ మంది అవ్వలు చెప్పింది ఒకటే, 'అన్నగారొచ్చి ఆపేసినాడు'. ఇద్దరు 'మేమే ఆపినాం' అన్నారు. ఒకరు 'కలెక్టరు' అన్నారు. విజయభాస్కరరెడ్డి పేరు ఒక్క కాగితంలోనూ లేదు.

ఇప్పుడు మీ దగ్గరున్న తేదీలు బోర్డు మీద రాయండి. 1993 అక్టోబరు 1. 1995 జనవరి 16. తర్వాత ఏమీ మాట్లాడకండి. రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు లేస్తారు: "సార్, సారాయి ఆగింది ముందు కదా, ఎన్టీఆర్ తర్వాత కదా వచ్చింది?"

అవ్వ అబద్ధం చెప్పిందా? క్లాసు రెండుగా చీలి వాదించుకుంటుంది, వాదించుకోనివ్వండి. సారా మీద ఒక నిషేధం, మొత్తం మద్యం మీద ఇంకో నిషేధం. రెండేళ్లు తిరక్కుండా వచ్చిన ఈ రెండూ ముప్పై ఏళ్ల తర్వాత జ్ఞాపకంలో ఒకటైపోయాయి. ఎన్నికల్లో హామీగా విన్నది, ప్రమాణ స్వీకారం రోజు రేడియోలో విన్నది గట్టిగా నిలిచింది. 'మేమే ఆపినాం' అన్న ఇద్దరు అవ్వల మాటేమిటి మరి? అది తప్పని ఏ కాగితం చూపించి అంటాం? జీవో మీద సంతకం వాళ్లది కాదు, నిజమే. సంతకం పెట్టాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? నేనైతే దీనికి జవాబు చెప్పను. నోట్సులో రెండూ రాసుకోమంటాను.

రాజ్యాంగం లోపలికి వచ్చేది ఈ వేడిలోనే. 47వ అధికరణ తెరిపించండి. మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని అందులో ఉంది. ఆ వెంటనే 37 చదివించండి, 47 లాంటి ఆదేశిక సూత్రాలను కోర్టు ద్వారా అమలు చేయించుకోలేమని. మరి అవ్వలు కోర్టుకు పోకుండా వేలంపాట దగ్గరికి ఎందుకు పోయారో పిల్లలే చెబుతారు. శాంతియుతంగా గుమిగూడే హక్కు 19లో ఉంది. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయాలు, 51వ అంశంలో మద్యం మీద ఎక్సైజు సుంకం. అంటే ఆపే అధికారమూ, అమ్మితే వచ్చే ఆదాయమూ రెండూ ఒకే ప్రభుత్వానివి. 1997లో ఏం జరిగిందో అర్థం కావడానికి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. కావాల్సిన మూడు పేజీలు మాత్రం ప్రింటు తీసుకోండి. పుస్తకం మొత్తం తెచ్చి బల్ల మీద పెడితే పిల్లలు బెదురుతారు.

పాత ప్రకాశం జిల్లా వాళ్లు, సారా మా ఊళ్లో అంత జరగలేదు అంటే, తీరం ఊళ్లకు 2004 డిసెంబరు 26 సునామీ ఉంది. అమ్మానాన్నలే సాక్షులు. సాయం ఎవరు తెచ్చారు, జాబితాలో పేరు ఎలా ఎక్కింది అని అడిగించండి. పడమటి మండలాలకు వెలిగొండ ప్రాజెక్టు ఉంది, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్నాయి. ముంపు ఊళ్లలో అడిగించేటప్పుడు నష్టపరిహారం ఎంతొచ్చింది అని డబ్బు దగ్గర మొదలుపెట్టించకండి. మీరేదో సర్వేకి పంపారనుకుంటారు. దళితుల హత్యలు జరిగిన కారంచేడు లాంటి గాయాలను మాత్రం పిల్లల చేత అడిగించొద్దు. అది ముందు మనం చదువుకుని, మనమే చెప్పాల్సిన పాఠం.

ఈ ఫైలు ఎందుకు దాచుకోవాలి

ప్రశ్నల కాగితం, పిల్లల రాతల్లో మంచివి నాలుగు, బోర్డు ఫొటో, మీరు రాసుకున్న సగం పేజీ డైరీ. ఇవన్నీ ఒక ఫోల్డరులో పెట్టండి. అవకాశాలు వచ్చినప్పుడు మన సోషల్ వాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. సైన్సు వాళ్ల దగ్గర ఎగ్జిబిషన్ మోడల్ ఉంటుంది, మన దగ్గర నిండిన సిలబస్ ఉంటుంది.

జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచరు తనే పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ అడిగేది చేసిన పనికి ఆధారాలే. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అదే సీసీఆర్‌టీ, టీచర్లకు శిక్షణలు నడుపుతుంది. హైదరాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. స్థానిక చరిత్ర మీద పని చేసినవాళ్లకు బాగా పనికొస్తుంది. హైస్కూలు టీచర్లను అమెరికా యూనివర్సిటీకి ఆరు వారాలు పంపే ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్‌లో సోషల్ కూడా ఉంది. ఇంగ్లిష్ పరీక్ష ఉంటుందని టెన్షన్ పడి చాలామంది ఫారం కూడా తెరవరు. ఆ ఏడు ప్రకటన వచ్చిందో లేదో ముందు చూసుకుని, ఆఫీసు అనుమతి కోసం తిరగడానికి ఒక నెల పెట్టుకోండి. ఫారంలో 'మీ క్లాసులో చేసిన ఒక పని వివరించండి' తరహా ప్రశ్న వస్తే, వేపచెట్టు కింద సారా కొట్టు కథ రాయండి. విద్యార్థి కేంద్రిత బోధన లాంటి మాటలు అందరూ రాస్తారు.

ఈ వారం పని

మీ ఊరికి సరిపడే ఒక సంఘటన ఎంచుకుని మూడు ప్రశ్నలు రాయండి. మొదటిది చోటు గురించి ఉండాలి. పిల్లల కన్నా ముందు మీరే వెళ్లి ఒక పెద్దావిడను అడిగి రండి. ఆవిడ పది నిమిషాలు ఆపకుండా మాట్లాడితే ప్రశ్నలు బాగున్నట్టు. 'నాకేం తెలుసు నాయనా' అంటే ప్రశ్న మార్చండి, అవ్వను కాదు.

వచ్చే పాఠం సమాచార హక్కు దరఖాస్తు, పదో తరగతి పిల్లల చేత నిజంగా రాయించడం. దానికి మండలాఫీసుకైతే ఐదు రూపాయల ఫీజు సిద్ధంగా పెట్టుకోండి. పంచాయతీకైతే అదీ అక్కర్లేదు.