మామిడి తోట గుత్త: కాపు అంచనాలో జాగ్రత్తలు

అయిదుగురు కలిసి మామిడి కాపును గుత్తకు తీసుకోవాలని తోట చూడటానికి వెళ్లారనుకుందాం. తోటలో అడుగు పెట్టగానే దళారి ‘పదిహేను టన్నులకు తగ్గదు’ అంటాడు. ఇక అయిదుగురు వాటాదారులూ పద్నాలుగు, పదహారుల మధ్యే తిరుగుతారు. పైకి అయిదు అంచనాలు, లోపల ఉన్నది దళారి అంకె ఒక్కటే.

కాబట్టి ఎవరి అంచనా వాళ్లు చీటీ మీద రాసేదాకా ఎవరూ టన్నుల మాట ఎత్తకూడదు. బాట వైపు నుంచి ఒకరు, బోరు వైపు నుంచి ఒకరు, విడివిడిగా తిరగండి. అందరూ గేటు దగ్గరి చెట్లే చూస్తే చీటీలు వేరైనా తప్పు ఒకటే. పది చెట్లకొకటి చొప్పున, గట్టువీ నడితోటవీ కలిపి ఎంచుకుని, చెట్టు చుట్టూ తిరిగి కాయలు లెక్కపెట్టండి.

చీటీలో ఒక్క టన్నుల అంకె చాలదు. చెట్టుకు ఎన్ని కాయలు, రాలుడు ఎంత తీసేశారు, కోతనాటికి కాయ బరువు ఎంత అనుకున్నారు, అన్నీ రాయాలి. వంద చెట్లు, రాలుడు పోను చెట్టుకు 400 కాయలు, కాయ 300 గ్రాములైతే 12 టన్నులు.

చీటీలన్నీ ఒకేసారి విప్పండి. 8, 11, 12, 14, 22 వచ్చాయనుకుందాం. సగటు 13.4, నడిమి అంకె, అంటే వరసలో సరిగ్గా మధ్యన ఉన్నది, 12. నడిమిదే పట్టుకోండి, ఒక్కడి అతి అంచనా దాన్ని లాగలేదు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశుప్రదర్శనలో ఎద్దు మాంసం బరువు ఎంతో ఊహించి జనం రాసిన 787 చీటీల నడిమి అంకె 1207 పౌండ్లు, అసలు తూకం 1198. అక్కడా ఎవరి చీటీ వాళ్లే రాశారు.

22 రాసినవాణ్ణి చూసి నవ్వకండి. కాయల లెక్కలో తేడానా, బరువులోనా, రాలుడులోనా అని అడగండి. పిందె దశలో రాలుడు మరిచిపోయి ఉండొచ్చు. లేదా మిగతావాళ్లు చూడని మూల అతను చూసి ఉండొచ్చు. కారణాలు చెప్పుకునేటప్పుడు అనుభవమున్న పెద్దాయన చివర మాట్లాడాలి. ఆయన ముందు ‘పది’ అన్నాక కాదనే మొహమాటం లేనివాళ్లు తక్కువ.

మాటలయ్యాక అంకెలు దగ్గరపడితే ధైర్యం వస్తుంది, అక్కడే జాగ్రత్త. 2011లో ప్రచురితమైన జ్యూరిక్ ప్రయోగంలో 144 మంది విద్యార్థులకు ఇతరుల అంచనాలు చూపితే అంకెల మధ్య ఎడం తగ్గింది, నమ్మకం పెరిగింది, గుంపు తప్పు మాత్రం తగ్గలేదు. అందుకే అడ్వాన్సు తేల్చేటప్పుడు మొదటి చీటీల ఎడమే చూడండి. అవి 8 నుంచి 22 దాకా చెదిరి ఉంటే అడ్వాన్సు తక్కువ కట్టి, మిగతాది కోతల వాయిదాలకు మాట్లాడుకోండి.

ఆ చీటీలు దాచండి. కోతలయ్యాక కాటా చీటీల పక్కన పెడితే ఎవరు బరువులో పొరబడతారో, ఎవరు రాలుడు మరుస్తారో వచ్చే ఏటికి తెలుస్తుంది.