పిన్‌హోల్ కెమెరాకు రిమోట్ షట్టర్: మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

ఇక్కడి లెక్కలు ఈ అమరికవి: రంధ్రాన్ని మూసే రెక్కను తిప్పే ఎస్‌జీ90 సర్వో (చిన్న మోటారు), దాన్ని నడిపే ఆర్డుయినో నానో (చిన్న కంట్రోల్ బోర్డు), రిమోట్ సిగ్నల్ అందుకునే 433 మెగాహెర్ట్జ్ రిసీవర్. పెట్టె లోతు 60 మి.మీ., కూల్‌డ్రింక్ డబ్బా రేకులో 0.3 మి.మీ. రంధ్రం, అంటే ఎఫ్/200 (లోతును రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది). ఐఎస్‌ఓ 6 (వెలుగుకు స్పందించే వేగం) ఫొటో పేపరుకి నెల్లూరు దగ్గరి మైపాడు బీచి మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు 25 సెకన్లు పడుతుంది.

రిమోట్ నొక్కితే రెక్క ఒక్కసారి అదిరి ఆగిపోతోంది, నానో మళ్లీ మొదటికొస్తోంది

ముందు బ్యాటరీని అనుమానించండి, ప్రోగ్రాం జోలికి తర్వాత వెళ్లొచ్చు. కదలబోయే క్షణంలో సర్వో అర ఆంపియరు పైనే లాగుతుంది. 9 వోల్టుల చిన్న బ్యాటరీ అంత ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోతుంది, నానో రీసెట్ అవుతుంది. నాలుగు రీఛార్జబుల్ ఏఏ సెల్లులు వరుసగా కలపండి, 4.8 వోల్టులు వస్తాయి. వాటి ప్లస్ తీగను సర్వోకి నేరుగా ఇచ్చి, అక్కడి నుంచే నానో 5వీ పిన్నుకి ఇంకోటి లాగండి. గ్రౌండ్ (మైనస్ తీగ) బ్యాటరీ, సర్వో, నానో మూడింటికీ ఒకటే ఉండాలి. సర్వో తీగల దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, తెల్లగీత ఉన్న కాలు గ్రౌండ్‌కి.

బొమ్మ అలికినట్టు వస్తోంది

రెక్క తెరుచుకునేటప్పటి కుదుపు కాదు. 25 సెకన్లలో అర సెకను కుదుపు కనపడదు. తెరిచాక కూడా సర్వో 'జీ' అంటూ వణుకుతుంటే మాత్రం ఎక్స్‌పోజరంతా పెట్టె వణుకుతుంది. రెక్క చేరాక 300 మిల్లీసెకన్లు ఆగి ప్రోగ్రాంలో డిటాచ్ చేయండి, అంటే సర్వోకి సిగ్నల్ ఆపేయండి. రెక్క నల్ల అట్టదైతే గేర్ల బిగువే దాన్ని నిలబెడుతుంది, రేకుదైతే జారుతుంది. సముద్రపు గాలికి పెట్టె మీద రెండు కిలోల ఇసుక సంచి పెట్టండి.

పేపరంతా బూడిదరంగుకి తిరిగింది

షట్టరు మూసి, పేపరు పెట్టి, పది నిమిషాలు ఎండలో ఉంచి డెవలప్ చేయండి. ఒకవైపు నల్ల చార వస్తే రెక్క అంచున వెలుగు దూరుతోంది. రెక్కను రంధ్రం చుట్టూ 10 మి.మీ. ఎక్కువ కత్తిరించి, లోపలివైపు నల్ల వెల్వెట్ అతికించండి. చార లేకుండా అంతా మసకబారితే పెట్టె అతుకులు చూడండి. బోర్డు మీది ఎల్ఈడీ కూడా పేపరుని పాడుచేయొచ్చు, అందుకే బోర్డు పెట్టె బయటే ఉండాలి.

స్విచ్ వేయగానే రెక్క తెరుచుకుంటోంది

ప్రోగ్రాంలో అటాచ్ కాగానే, అంటే సిగ్నల్ మొదలవగానే, సర్వో మామూలుగా 90 డిగ్రీలకు పోతుంది. ఆ 90 దగ్గరే మూసుకునేలా రెక్క బిగించండి. అప్పటికీ కొన్ని సర్వోలు ఉలిక్కిపడతాయి కాబట్టి, స్విచ్ వేసి రెక్క కుదురుకునేదాకా రంధ్రం మీద నల్ల టేపు ఉంచండి.

దూరం నుంచి రిమోట్ పనిచేయదు

రిసీవరుకి 17.3 సెం.మీ. తీగ యాంటెన్నాగా సోల్డర్ చేయండి. చుట్టకండి, నిటారుగా ఉంచండి.

ఎండలో సర్వో ఊడిపోతోంది

నెల్లూరు మే ఎండకి నల్ల పెట్టె కాలిపోతుంది, గ్లూగన్ జిగురు మెత్తబడుతుంది. సర్వో చెవులకి రెండు స్క్రూలు బిగించండి.